ఎవరి మాడ్యూల్ వారిదే, ప్రాజెక్ట్ ఎవరిది?

స్టూడెంట్ ప్రాజెక్ట్ టీమ్ తొలి మీటింగ్‌లో పనుల పంపకం చాలాసార్లు పది నిమిషాల్లో తేలిపోతుంది. కోడింగ్ బాగా వచ్చని పేరున్నవాళ్లకు బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్), డిజైన్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఫ్రంటెండ్ (యూజర్‌కు కనిపించే స్క్రీన్లు), ఇంకొకరికి డేటాబేస్. మిగిలిన ఇద్దరిలో ఒకరు టెస్టింగ్ తీసుకుంటారు, మరొకరు రిపోర్టూ పీపీటీ చూసుకుంటామంటారు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. గొడవ లేకుండా పని మొదలైందన్న తృప్తితో అందరూ లేచి వెళ్లిపోతారు.

ఆ పంపకం ఎలాంటిదో తెలియాలంటే డెమోకు ముందురోజు సాయంత్రం అదే టీమ్‌ను చూడాలి. లైబ్రరీలో సీటు బుక్ చేసుకునే యాప్ తయారుచేస్తున్న ఐదుగురి టీమ్ అనుకుందాం. ఫ్రంటెండ్ రాసినవారి ల్యాప్‌టాప్‌లో స్క్రీన్లన్నీ చక్కగా వస్తున్నాయి. కాకపోతే వాటిలో కనిపించేది చేత్తో రాసిపెట్టిన నమూనా డేటా. బ్యాకెండ్ కూడా బాగానే ఉంది, పోస్ట్‌మన్ అనే టెస్టింగ్ టూల్‌లో రిక్వెస్ట్ పెడితే జవాబు సరిగ్గా వస్తోంది. రెండింటినీ కలిపేసరికి తేదీలన్నీ తారుమారయ్యాయి. ఫ్రంటెండ్ 03-04 అని పంపితే అందులో ముందున్నది రోజు. బ్యాకెండ్ దాన్ని నెలగా చదివింది. ఏప్రిల్ 3న కావాల్సిన సీటు మార్చి 4కు బుక్ అవుతోంది. "నా వైపు అంతా కరెక్టే" అని ఇద్దరూ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి కోడ్‌ను విడిగా చూసినా తప్పు దొరకదు. తప్పు ఉన్నది రెండు ముక్కలూ కలిసేచోట, ఆ చోటు మాత్రం ఎవరి పేరు మీదా రాసి లేదు.

ఇలాంటి చోట్లు ఎలా పుడతాయో మెల్విన్ కాన్వే 1968లోనే చెప్పారు. ఒక సంస్థలో మనుషుల మధ్య మాటలు ఏ దారుల్లో నడుస్తాయో, ఆ సంస్థ తయారుచేసే సిస్టమ్ కూడా అదే ఆకారానికి వస్తుందని ఆయన గమనించారు. ఇప్పుడు దాన్ని కాన్వే సూత్రం అంటున్నారు. ఐదుగురి టీమ్‌కూ ఇది అచ్చంగా వర్తిస్తుంది. ఫ్రంటెండ్, బ్యాకెండ్ చూసేవాళ్లు మూడు వారాలపాటు మాట్లాడుకోకపోతే, వాళ్లు రాసిన ప్రోగ్రాములు కూడా ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోలేవు. అంటే పనులు పంచడంలోనే ఎవరు ఎవరితో మాట్లాడాలన్నదీ తేలిపోతోంది. తొలి మీటింగ్‌లో చర్చకు రానిది సరిగ్గా ఈ సంగతే.

చేసేవారు, చూసుకునేవారు

ఒక పని చేయడం వేరు, ఆ పనికి జవాబు చెప్పడం వేరు. "టెస్టింగ్ నాది" అని ఒకరు అన్నప్పుడు ఆ మాట మిగతా నలుగురికీ "మనం టెస్టులు రాయక్కర్లేదు" అని వినిపిస్తుంది. అదే మనిషి "టెస్టు లేని కోడ్ మెయిన్ బ్రాంచ్‌లోకి వెళ్లకుండా చూడటం నా బాధ్యత" అంటే లెక్క మారిపోతుంది. మెయిన్ బ్రాంచ్ అంటే అందరి కోడూ కలిసి ఉండే ప్రధాన ప్రతి. టెస్టులు రాయడం అందరి పని, అవి ఉన్నాయో లేదో చూడటం ఒకరి పని. స్టూడెంట్ టీమ్‌లలో రోల్ అన్న మాటను మొదటి అర్థంలోనే తీసుకుంటారు, చాలా ఇబ్బందులకు మూలం అదే.

టీమ్‌గా సాఫ్ట్‌వేర్ తయారుచేసే స్క్రమ్ పద్ధతిని రూపొందించిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌లు 2020లో 'స్క్రమ్ గైడ్' అనే తమ నియమాల పత్రాన్ని సవరించినప్పుడు 'రోల్స్' అన్న మాటను పక్కనపెట్టి 'అకౌంటబిలిటీస్' అని రాశారు. ప్రాడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు అనేవి హోదాలు కావని, ఎవరు దేనికి జవాబుదారీ అన్నదే వాటి అర్థమని ఆ మార్పు చెబుతోంది. స్టూడెంట్ టీమ్ స్క్రమ్‌ను పూర్తిగా పాటించాల్సిన అవసరం లేదు. రోజూ 15 నిమిషాలు కలవాలన్న నియమం మిగతా సబ్జెక్టులు, పరీక్షల మధ్య కుదరకపోవచ్చు కూడా. కానీ ఈ ఒక్క తేడాను పట్టుకుంటే సగం గందరగోళం మొదట్లోనే తీరుతుంది.

మరి పేరు రాసిపెట్టుకోవాల్సిన బాధ్యతలు ఏవి? అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది ముక్కలన్నీ కలుపుతూ ఉండే బాధ్యత. దీన్ని తీసుకున్నవారు కోడ్ ఎక్కువ రాయనక్కర్లేదు. మెయిన్ బ్రాంచ్‌లో ఉన్న కోడ్ ఎప్పుడు తీసి నడిపినా నడవాలి, అంతే వారి లెక్క. నడవకపోతే ఎవరి మార్పు వల్ల ఆగిందో కనుక్కుని, ఆ మనిషితో కూర్చుని సరిచేయించాలి. ఏపీఐలో, అంటే ఫ్రంటెండ్, బ్యాకెండ్ మాట్లాడుకునే ఒప్పందంలో, ఏ ఫీల్డ్ పేరు ఏమిటి, తేదీ ఏ రూపంలో వెళ్తుంది, ఎర్రర్ వస్తే ఏం తిరిగి రావాలి అన్నవి ఒకే పేజీలో రాసి ఉండేలా చూడాలి. పైన చెప్పిన తేదీల గొడవకు ఆ పేజీలో ఒక్క వాక్యం చాలు: ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు, ఐఎస్ఓ 8601 ప్రకారం. ఈ ప్రమాణం 1988 నుంచీ ఉంది. దాన్ని కొత్తగా కనిపెట్టాల్సిన పనేమీ లేదు, తొలివారంలోనే గుర్తుచేసే మనిషి ఒకరు ఉండాలి.

రెండోది, ఏం చేయకూడదో చెప్పే బాధ్యత. స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఫీచర్లు తీసేయడం కష్టం, ఎందుకంటే ప్రతి ఫీచర్ వెనుకా దాన్ని ప్రతిపాదించినవారి ఉత్సాహం ఉంటుంది. సీటు బుకింగ్ యాప్‌కు చాట్ పెడదాం, నోటిఫికేషన్లు పెడదాం, ముఖం గుర్తుపట్టే లాగిన్ పెడదాం అంటూ జాబితా పెరుగుతుంది. బుకింగ్ మాత్రం ఇంకా పనిచేయదు. "ఇది ఈసారికి వద్దు" అనే అధికారం ఒకరికి ఉండాలి, ఆ అధికారాన్ని టీమ్ ముందే ఒప్పుకుని ఉండాలి. అప్పటికప్పుడు ఎవరైనా వద్దంటే అది ఫీచర్ మీద కాక మనిషి మీద అభ్యంతరంలా వినిపిస్తుంది.

మూడోది టెస్టింగ్, దాని సంగతి పైనే వచ్చింది. మీటింగ్ ఎప్పుడు, ఏం తేల్చుకున్నాం, ప్రాజెక్ట్ చూసే అధ్యాపకులకు, అంటే గైడ్‌కు, ఎవరు చెబుతారు అన్న సమన్వయం నాలుగో బాధ్యత. దీన్ని టీమ్ లీడర్ పని అంటుంటారు కానీ ఇందులో పెత్తనం ఏమీ లేదు, గుర్తుపెట్టుకుని అడగడమే ఉంది.

పొరలుగా కాదు, ఫీచర్లుగా

బాధ్యతలు అలా ఉంచితే, కోడ్ రాసే పనిని ఎలా పంచాలన్నది వేరే ప్రశ్న. ఫ్రంటెండ్ ఒకరికి, బ్యాకెండ్ ఒకరికి, డేటాబేస్ ఒకరికి అని పొరలుగా పంచితే చివరిదాకా ఏదీ పూర్తవదు. మూడు పొరలూ కలిస్తేనే యూజర్‌కు పనికొచ్చేది ఏదైనా కనిపిస్తుంది, అవి కలిసేది ఆఖరి వారంలో. దానికి బదులు ఫీచర్లుగా పంచుకోవచ్చు. ఖాళీ సీట్లు చూపించడం ఇద్దరిది, స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా మొత్తం వాళ్లదే. బుక్ చేయడం, రద్దు చేయడం ఇంకో ఇద్దరిది. ఐదోవారు ముందుగా లాగిన్ పూర్తిచేసి, తర్వాత ఎక్కడ చేయి అవసరమైతే అక్కడికి వెళ్తారు.

ఇలా చేయాలంటే తొలివారంలోనే ఒక పని జరగాలి. చాలా సన్నని దారి ఒకటి చివరిదాకా వేయాలి: స్క్రీన్ మీద ఒక బటన్, అది నొక్కితే సర్వర్‌కు ఒక రిక్వెస్ట్, డేటాబేస్ నుంచి ఒకే ఒక్క వరుస, అది మళ్లీ స్క్రీన్ మీదకు. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఐదుగురి ల్యాప్‌టాప్‌లలోనూ అది నడిచిందంటే వెర్షన్ల తేడాలు, పాస్‌వర్డ్ సెట్టింగులు, పోర్టు గొడవలు అన్నీ డెడ్‌లైన్ దూరంగా ఉన్నప్పుడే బయటపడిపోయినట్టు. ఆ దారి వేశాక ప్రతి ఫీచర్‌నూ దాని మీదే పెంచుకుంటూ పోవచ్చు.

ఈ పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు. ఇద్దరు ముగ్గురికి తెలియని టెక్నాలజీ నేర్చుకోవాల్సి వస్తుంది, మొదటి రెండు వారాలు పని నత్తనడక నడుస్తుంది. ఒకే పనిని రెండు ఫీచర్లలో రెండు రకాలుగా రాసే ప్రమాదమూ ఉంది. అందుకని ఒక్కో పొరకు చూసుకునే మనిషిని పెట్టుకోవడం మంచిది. డేటాబేస్‌లో టేబుల్ మార్చాలంటే ఎవరైనా మార్చవచ్చు, కానీ డేటాబేస్ చూసుకునేవారు సరేనన్నాకే. నెమ్మదిగా నడిచిన ఆ రెండు వారాలూ వృథా పోవు. కంపెనీలో నైపుణ్యం ఉన్నచోటికే పని పంపితే లాభం. చదువుకునేచోట ప్రాజెక్ట్ పెట్టిందే లేని నైపుణ్యం రావడానికి. కోడింగ్‌లో వెనుకబడ్డారని ఒకరికి డాక్యుమెంటేషన్ మాత్రమే ఇస్తే టీమ్‌కు ఆ రోజుకు హాయిగానే ఉంటుంది, ఆ ఒక్కరు మాత్రం ప్రాజెక్ట్ అయ్యాక కూడా మొదలుపెట్టిన చోటే ఉంటారు. ఇది అన్యాయం. పైగా ఎవరూ కావాలని చేయని అన్యాయం కాబట్టి కంటికి కనిపించకుండా జరిగిపోతుంది.

అంతా వచ్చిన ఒక్కరు

ప్రతి టీమ్‌లోనూ మిగతావారికంటే బాగా ముందున్నవారు ఒకరు ఉంటారు. వాళ్లనే లీడర్ చేయాలన్నది సహజంగా వచ్చే ఆలోచన. ఐబీఎంలో హార్లన్ మిల్స్ 1970ల మొదట్లో ఇలాంటి ఏర్పాటునే పద్ధతిగా ప్రయత్నించారు: ముఖ్య ప్రోగ్రామర్ ఒకరు, చుట్టూ ఆయనకు సాయపడే టీమ్. అయితే ఆ ఏర్పాటులో ముఖ్య ప్రోగ్రామర్ చేసే ప్రతి పనీ తెలిసిన బ్యాకప్ ప్రోగ్రామర్ ఒకరు తప్పనిసరి. కోడ్, రికార్డులు భద్రపరిచే లైబ్రేరియన్ మరొకరు. స్టూడెంట్ టీమ్‌లు ఈ నమూనాలోకి తెలియకుండానే జారిపోతాయి, బ్యాకప్ మాత్రం ఉండదు. ముందున్న ఆ ఒక్కరికి జ్వరం వస్తే ప్రాజెక్ట్ ఆగిపోతుంది.

ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. తోటివారు మూడు రోజులు కష్టపడి రాసిన బుకింగ్ ఫంక్షన్‌లో ఒకే సీటు ఇద్దరికి వెళ్లే లోపం ఉందనుకుందాం. ముందున్నవారు రాత్రి రెండింటికి అది చూసి, మొత్తం తీసేసి, గంటలో తామే తిరగరాసి పుష్ చేస్తారు, అంటే అందరి కోడ్‌లోకి పంపేస్తారు. కోడ్ బాగుపడింది. పొద్దున్నే లేచి చూసుకున్న మనిషికి తన ఫైల్‌లో ఒక్క లైను కూడా తనది కనిపించదు. ఆ తర్వాత ఆ మనిషి నుంచి కమిట్లు (పేరుతో నమోదయ్యే కోడ్ మార్పులు) తగ్గిపోతాయి. "పని చేయడం లేదు" అన్న ఫిర్యాదు కూడా అప్పుడే మొదలవుతుంది. దానికి బదులు పుల్ రిక్వెస్ట్ (తన మార్పులు కలపమని పంపే అభ్యర్థన) కింద ఒక ప్రశ్న రాస్తే చాలు: "ఒకే సీటుకు ఇద్దరు ఒకేసారి బుక్ నొక్కితే ఈ ఫంక్షన్ ఏం చేస్తుంది?" లోపాన్ని రాసినవారే కనుక్కుంటారు, సరిదిద్దుతారు. ఒక రోజు ఆలస్యమవుతుంది. ట్రాన్సాక్షన్ (మధ్యలో ఇంకొకరు రాకుండా డేటాబేస్‌లో ఒకే అడుగుగా పూర్తయ్యే మార్పు) అంటే ఏమిటో మాత్రం ఇద్దరికి తెలుస్తుంది.

అందుకని అందరికంటే ముందున్నవారికి రివ్యూ బాధ్యత ఇవ్వడం చాలా టీమ్‌లకు మేలు చేస్తుంది. వాళ్ల తెలివి టీమ్ మొత్తానికి అందుతుంది, కోడ్ అంతా ఒక్క తలలోనే ఉండిపోదు. వాళ్లు రాసిన కోడ్‌నూ ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే కలపాలి. అర్థం కాకపోతే అడగడం చదివేవారి హక్కు.

కనిపించని మనిషి

పని చేయని సభ్యుల గురించిన ఫిర్యాదు టీమ్ ప్రాజెక్టులంత పాతది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీర్ మనుషుల చేత తాడు లాగించి చేసిన ప్రయోగాలను 1913లో ప్రచురించారు. మనుషులు పెరిగేకొద్దీ తలా ఒక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. 1979లో బిబ్ లాటానే, ఆయన సహచరులు చప్పట్లు, అరుపులతో ఇలాంటి పరీక్షే చేశారు. ఇతరులతో కలిసి అరుస్తున్నామని అనుకున్నప్పుడు మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే తక్కువగా అరిచారు. ఎవరి వంతు ఎంతో విడిగా తెలుస్తుందన్నప్పుడు ఈ తగ్గుదల పోతుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. బద్ధకం మనిషి స్వభావంలోనే ఉందనే ముందు, తన వంతు ఎవరికీ కనబడని ఏర్పాటులో ఆ మనిషిని పెట్టామేమో చూసుకోవాలి.

వంతు కనబడాలంటే పనిని రాసే తీరు మారాలి. టాస్క్ బోర్డు మీద "లాగిన్ చూసుకోవాలి" అని ఉంటే అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పూర్తయిందో ఎవరూ చెప్పలేరు. అదే పనిని ఇలా రాయవచ్చు: "తప్పు పాస్‌వర్డ్ కొడితే 'వివరాలు సరిపోలలేదు' అన్న సందేశం రావాలి. వరుసగా ఐదుసార్లు తప్పితే పదిహేను నిమిషాలు ఆగాలి. రెండింటికీ టెస్టు ఉండాలి. గురువారం రాత్రికి పుల్ రిక్వెస్ట్." పక్కన రాసేవారి పేరు, రివ్యూ చేసేవారి పేరు. ఇలా రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఇదే పెద్ద ఊరట, ఎందుకంటే "లాగిన్ చూసుకో" అన్న మాట దగ్గర వాళ్లు ఆగిపోయేది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే. అడిగితే చులకనవుతామన్న భయంతో మౌనంగా ఉంటారు, ఆ మౌనాన్ని మిగతావారు బద్ధకం అనుకుంటారు. రెండు రోజులు కదలిక లేని టాస్క్ కనిపిస్తే "ఎందుకు చేయలేదు" అనకుండా "ఎక్కడ ఆగింది" అని అడిగితే జవాబు వస్తుంది.

అయినా కొందరు నిజంగానే తప్పించుకుంటారు. అలాంటప్పుడు ఆఖరి వారంలో గైడ్ దగ్గరికి వెళ్లి లాభం లేదు, అప్పటికి ఎవరూ ఏమీ చేయలేరు. ప్రాజెక్ట్ మూడో వంతు గడిచేసరికి ఒకసారి, సగంలో ఒకసారి సభ్యులు ఒకరి పని గురించి ఒకరు రాసి ఇచ్చే పద్ధతి ఉంటే సరిదిద్దుకునే సమయం మిగులుతుంది. మార్కులు ఇచ్చేవారు ఈ ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది.

ఎవరు ఎంత చేశారో గిట్‌లో చూసి తేల్చేద్దామన్న ఆలోచన వస్తుంది. 2005లో లైనక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్, ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు చేసి ఉంచుతుంది నిజమే. కానీ లైన్ల లెక్క మోసం చేస్తుంది. ఒక కోడ్ లైబ్రరీని కాపీ చేసి పెట్టినవారికి పదివేల లైన్లు కనిపిస్తాయి, రెండు రోజులు వెతికి ఒక్క అక్షరం మార్చి పెద్ద బగ్ తీసినవారికి ఒకటే. ఇద్దరు పక్కపక్కన కూర్చుని రాస్తే కమిట్ కీబోర్డు ముందున్నవారి పేరు మీదే పడుతుంది. అలాంటప్పుడు కమిట్ సందేశం చివర 'కో-ఆథర్డ్-బై' అని రెండోవారి పేరు చేర్చే వీలుంది. చిన్న విషయమే, మనసులు కష్టపెట్టుకునే అవసరం మాత్రం తప్పుతుంది.

ఏఐ టూల్స్ వచ్చాక ఈ లెక్క ఇంకా జటిలమైంది. ఒక్క సాయంత్రంలో వందల లైన్లు తెప్పించి పెట్టవచ్చు. టీమ్ ఇక్కడ పెట్టుకోదగ్గ నియమం ఒకటే: కోడ్ ఎక్కడి నుంచి వచ్చినా, దాన్ని తెచ్చినవారు రివ్యూలో ప్రతి లైనూ వివరించగలగాలి. వివరించలేనిది మెయిన్ బ్రాంచ్‌లోకి రాదు.

మధ్యలో మార్పులు, ఆఖరి వారం

సభ్యుల సంఖ్య పెరిగేకొద్దీ మాట్లాడుకోవాల్సిన జంటలు అంతకంటే వేగంగా పెరుగుతాయి. నలుగురుంటే 6 జంటలు, ఐదుగురుంటే 10, ఎనిమిది మందైతే 28. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ లెక్క చూపిస్తూనే, ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లో రాశారు. స్టూడెంట్ టీమ్‌లో కొత్తవారిని చేర్చుకునే వీలు ఎటూ ఉండదు, కాబట్టి ఇది మనకు వర్తించదనిపిస్తుంది. కానీ ఆఖరి వారంలో "నువ్వు ఇది వదిలెయ్, ఆ మాడ్యూల్ వాళ్లు చేస్తారు" అని పనులు మార్చడం కూడా సరిగ్గా అలాంటిదే. ఇచ్చేవారి సమయం వివరించడానికి పోతుంది, తీసుకునేవారి సమయం అర్థం చేసుకోవడానికి పోతుంది, రెండు రోజులపాటు ఇద్దరిలో ఎవరూ కోడ్ రాయరు.

బాధ్యతలు మార్చుకోవాలంటే సగంలో మార్చుకోవాలి. ముక్కలు కలిపే బాధ్యతను వారం వారం తిప్పితే ఎవరికీ పట్టు చిక్కదు. ప్రాజెక్ట్ మధ్యలో ఒకసారి మార్చి, ఒక వారంపాటు పాతవారు, కొత్తవారు కలిసి చూసుకుంటే సరిపోతుంది. మీటింగ్ నడపడం, నోట్స్ రాయడం లాంటివైతే ప్రతి వారం తిప్పినా నష్టం లేదు. ఎప్పుడూ మాట్లాడనివారు మీటింగ్ నడపాల్సి వచ్చిన వారం టీమ్‌కు తెలియని విషయాలు కొన్ని బయటికొస్తాయి.

డెమోకు నాలుగైదు రోజుల ముందు కొత్త కోడ్ ఆపేయాలి. ఆ రోజుల్లో చేయాల్సిన పనుల్లో డాక్యుమెంటేషన్ ఒకటి. దాన్ని ఒక్కరికి అప్పగించకుండా ఎవరి ఫీచర్ గురించి వారే రాయాలి. రాసింది సరిగ్గా ఉందో లేదో తేల్చే పద్ధతి ఒకటుంది. బుకింగ్ రాసినవారు లాగిన్ రీడ్‌మీ (ఎలా నడపాలో చెప్పే ఫైల్) తీసుకుంటారు, లాగిన్ రాసినవారు బుకింగ్‌ది. ప్రాజెక్ట్‌ను ఎప్పుడూ నడపని ఒక ల్యాప్‌టాప్‌లో కోడ్‌ను మొదటి నుంచి దించుకుని, రీడ్‌మీలో ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ పోతారు. రాసినవారు పక్కనే కూర్చుంటారు కానీ నోరు విప్పకూడదు. "ఇప్పుడు ఏం చేయాలి?" అని చదివేవారు తలెత్తిన ప్రతిచోటా రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైనట్టే. ఆ వాక్యాన్ని అక్కడికక్కడే రాసి, అంతా చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి నడిపి చూస్తారు.